నోడ్‌లో డీగ్రామ్, నెట్: ఏది మేలు?

జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్ జేఎస్‌లో సర్వర్ రాసేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది: యూడీపీ (సందేశాన్ని పంపి, చేరిందో లేదో చూడని నెట్‌వర్క్ పద్ధతి) కోసం ఉన్న డీగ్రామ్ మాడ్యూల్‌ను వాడాలా, టీసీపీ (పోయినదాన్ని మళ్లీ పంపి, అన్నిటినీ వరుసగా అందించే పద్ధతి) కోసం ఉన్న నెట్ మాడ్యూల్‌ను వాడాలా? వేగానికి యూడీపీ, నమ్మకానికి టీసీపీ అన్న జవాబు తప్పు కాదు గాని, దానితో నిర్ణయం తేలదు. నేను మొదట చూసేది వేరొకటి: ఒక సందేశం దారిలో పోతే, వెనక వచ్చే సందేశం ఆ లోటును పూడ్చగలదా?

సెకనుకొకసారి ఉష్ణోగ్రత పంపే సెన్సర్‌నే తీసుకుందాం. ఒక రీడింగ్ పోయినా మరుసటి సెకనులో కొత్తది వస్తుంది. టీసీపీలోనైతే పోయిన ప్యాకెట్ మళ్లీ వచ్చేదాకా దాని వెనక చేరిన తాజా రీడింగులు కూడా మన ప్రోగ్రామ్‌కు అందవు; పాతబడిన అంకె కోసం కొత్త అంకెను ఆపి ఉంచడం ఇక్కడ నష్టమే. అదే ‘మరో ఆర్డర్ వచ్చింది’ అనే కబురైతే, ఒక్కటి పోయినా లెక్క శాశ్వతంగా తప్పుతుంది. అయితే దానికి బదులు ‘ఇప్పటికి మొత్తం 418’ అని పంపి, అంతకుముందు చూసినదానికన్నా చిన్న సంఖ్య ఆలస్యంగా వస్తే పక్కన పెడితే, తరువాతి డేటాగ్రామ్ (యూడీపీలో పంపే ఒక విడి సందేశం) లెక్కను తానే సరిచేస్తుంది. సందేశం రాసే తీరు మార్చుకుంటే డీగ్రామ్ సరిపోయే పనులు చాలానే ఉన్నాయని నా అభిప్రాయం.

డీగ్రామ్‌లో సందేశపు హద్దు చెదరదు: పంపిన డేటాగ్రామ్ చేరితే ఒక మెసేజ్ ఈవెంట్‌గా మొత్తంగా చేరుతుంది. నెట్‌లో వచ్చేది బైట్ల ప్రవాహం కాబట్టి, రెండు సందేశాలు కలిసి రావచ్చు, ఒకటి తెగి రావచ్చు. విడదీసే కోడ్ మనమే రాసుకోవాలి.

డీగ్రామ్ సెండ్ కాల్‌బ్యాక్‌లో (పంపే పని అయ్యాక నోడ్ పిలిచే మన ఫంక్షన్‌లో) ఎర్రర్ రాలేదంటే అవతలివారికి చేరిందని అర్థం కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించామని మాత్రమే. ఈ తేడా తెలియక నేనూ కొంతకాలం పోయిన లాగ్‌ల కోసం వెతికాను. ఐపీవీ4లో (ఇంటర్నెట్ ప్రోటోకాల్ నాలుగో వెర్షన్‌లో) ఒక డేటాగ్రామ్‌లో 65,507 బైట్ల దాకా పంపవచ్చు గాని, మామూలు ఈథర్నెట్‌పై 1,472 దాటితే అది ముక్కలవుతుంది, ఒక్క ముక్క పోయినా మొత్తం పోయినట్టే. పంపినవారి చిరునామాను నకిలీ చేయడం కూడా సులువు, అప్పుడు మన జవాబు వేరొకరి మీద పడుతుంది కనుక, చిన్న ప్రశ్నకు పెద్ద జవాబిచ్చే సర్వర్‌ను బయటి ప్రపంచానికి తెరిచి ఉంచకూడదు.

డబ్బు లెక్కలకు, ఫైళ్లకు నెట్ చాలు. బ్రౌజర్ నుంచి డేటా రావలసి ఉంటే వెబ్‌సాకెట్ (బ్రౌజర్, సర్వర్ మధ్య తెరిచి ఉండే రెండు వైపుల కనెక్షన్) చూసుకోవాలి, ఎందుకంటే వెబ్‌పేజీకి నేరుగా యూడీపీ సాకెట్ తెరిచే వీలు లేదు.