కటానా జీరో, సైబర్ షాడో: ముందుగా ఏది ఆడడం మేలు?

భవిష్యత్ నగరాల్లో కత్తి పట్టి పక్కకు దూసుకుపోయే నింజా వీడియో గేమ్‌లకు 1989లో జపాన్ సంస్థ క్యాప్‌కామ్ ఆర్కేడ్ యంత్రాల కోసం తెచ్చిన స్ట్రైడర్ ఒరవడి పెట్టింది. ఆ బాటలో ఇటీవల వచ్చిన వాటిలో కటానా జీరో (2019), సైబర్ షాడో (2021) రెండూ ఆడదగినవే. వీటిలో ఒకదాన్ని ఎంచుకునేవారు అన్నిటికన్నా ముందు చూడవలసింది, ఒకసారి చనిపోతే ఆట ఎంత వెనక్కి వెళ్తుందన్నది.

కటానా జీరోలో ఒక్క దెబ్బకే ప్రాణం పోతుంది. వినడానికి ఇది కఠినంగా ఉన్నా, పోయేది ఆ గదిలో గడిపిన కొన్ని సెకన్లే; మరుక్షణం అదే గది మళ్లీ మొదలవుతుంది. కథలోనూ ఆ చావులు నాయకుడు మనసులో ముందే చూసుకుని వదిలేసిన ప్రయత్నాలుగా లెక్కకు వస్తాయి కాబట్టి, ఓటమి కూడా ఆటలో భాగంగానే తోస్తుంది. కాలాన్ని నెమ్మదింపజేసే శక్తి, తూటాను కత్తితో కొట్టి తిప్పి పంపే వీలు ఆరంభంలోనే చేతికి అందుతాయి. కంప్యూటర్‌లో మౌస్ చూపిన దిక్కుకే కత్తి వేటు పడుతుంది గనుక, ఈ ఆటకు కంట్రోలర్ కన్నా మౌసే నయమని నా అభిప్రాయం. గది గెలిచాక మన పరుగును నిఘా కెమెరా దృశ్యంలా తిరిగి చూపిస్తారు. అంతసేపు తడబడిన చేతులేనా ఇంత తొణకకుండా సాగాయని నాకు ప్రతిసారీ ఆశ్చర్యమే.

సైబర్ షాడోది 1980ల నాటి పాత 8 బిట్ ఆటల క్రమశిక్షణ. హెల్త్ బార్ ఉన్నందున కొన్ని దెబ్బలు ఓర్చుకోవచ్చు గానీ, దెబ్బ తగిలినప్పుడు నాయకుడు షాడో వెనక్కి ఎగిరిపడతాడు, వెనుక గొయ్యి ఉంటే అంతటితో సరి. చెక్‌పాయింట్ (చనిపోతే మళ్లీ మొదలయ్యే చోటు) నుంచి దారంతా మళ్లీ గడవాలి. అక్కడ హెల్త్ నింపుకునే వసతి కావాలన్నా, దారిలో సేకరించిన ఎసెన్స్‌ను (ఆటలో డబ్బులా పనికొచ్చేది) ఖర్చు పెట్టాలి. తూటాను అడ్డుకోవడానికి అది వచ్చే వైపు దిశ బటన్‌ను సరైన క్షణంలో నొక్కాలి కాబట్టి కంట్రోలర్‌కు మంచి డి-ప్యాడ్ (నాలుగు దిశల బటన్లు) తప్పనిసరి.

వేగం కోసమే వచ్చేవారికి నేను మొదట కటానా జీరోనే చెబుతాను. దాని సంభాషణలు నిడివైనవి, కథ తేలకుండానే ఆగుతుంది. అయినా వేళ్లకు వేగం అక్కడే త్వరగా అలవడుతుంది. సైబర్ షాడోలో శక్తులు ఒక్కొక్కటిగా వస్తాయి, అసలైన పరుగు ఆట చివరి భాగానికి గాని దొరకదు. అంతవరకు ఓపిక పట్టగలవారికి, ప్రతి అడుగూ ఆచితూచి దాటిన తరువాత దక్కే ఆ పరుగు ఎంతో తృప్తినిస్తుంది.