చెరువుల్లో, కాలువల్లో నాలుగేళ్ళు: నా కెమెరా హౌసింగ్ సంగతి

హౌసింగ్ అంటే కెమెరాని లోపల పెట్టి నీళ్ళలో దింపడానికి వాడే, నీళ్ళు చొరని గట్టి పెట్టె. నా హౌసింగ్ గురించి ఎవరు అడిగినా నేను ముందుగా చెప్పేది దాని వెనక తలుపు సంగతే. పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ తలుపు, అద్దంలా తేటగా ఉంటుంది. గొళ్ళెం బిగించగానే నీళ్ళు రాకుండా ఆపే లోపలి రబ్బరు చుట్టు, అదే ఓ-రింగు, ఆ తలుపుకి అదుముకుని, చుట్టూ ఒక నల్లటి గీతలా కనబడుతుంది. ఆ గీత ఎక్కడా తెగకుండా ఉంటే నీళ్ళలో దింపుతాను. వెంట్రుకంత చోట తెగినా మళ్ళీ విప్పుతాను. నాలుగేళ్ళుగా నా కెమెరా బతికి ఉందంటే ఆ గీత పుణ్యమే.

మాది కోనసీమ. నేను ఫొటోలు తీసేది పంట కాలువల్లో, ఊరి చెరువులో, మోకాలి లోతు నుంచి నడుం లోతు దాకా. గుర్రపుడెక్కని అందరం పైనుంచి చూసి తిట్టుకునేవాళ్ళమే. కింద నుంచి చూస్తే దాని వేళ్ళు ఊదా కలిసిన నలుపుతో ఈకల్లా వేలాడుతుంటాయి. వాటిని పట్టుకుని గోరంత రొయ్యపిల్లలు ఉంటాయి, గాజు ముక్కల్లాగా, కళ్ళు మాత్రం నల్లటి చుక్కలు. ఒకసారి ఎర్రగా గుంపు కట్టిన కొరమేను పిల్లల్ని తీస్తుంటే, వాటి కింద కాపలా ఉన్న పెద్ద చేప వచ్చి హౌసింగ్‌ని ముట్టెతో గుద్దింది. ఆ ఫొటోలో చేప లేదు, మసక నీళ్ళు తప్ప ఏమీ లేవు. అయినా దాన్ని తీసెయ్యడానికి మనసు రాలేదు.

కొనేటప్పుడు మాత్రం నేను చూడాల్సినదాన్ని వదిలేసి ఇంకేదో చూశాను. పెట్టె మీద 40 మీటర్లు అని ఉంది. అంత లోతుకి ఆగేది మా కాలువకి ఆగదా అనుకున్నాను. నిజానికి లోతుకి వెళ్ళేకొద్దీ, పది మీటర్లకి ఒక వాతావరణ పీడనం చొప్పున, నీళ్ళే తలుపుని రింగు మీదకి నొక్కి పెడతాయి. రెండడుగుల నీళ్ళలో ఆ సాయం దాదాపు ఉండదు. మొత్తం పని గొళ్ళెమే చెయ్యాలి. రింగు మీద చిన్న నలక ఉన్నా పైపై నీళ్ళలోనే కారడం మొదలవుతుంది. కాబట్టి మనలాంటి వాళ్ళం మీటర్ల లెక్క కంటే గొళ్ళెం ఎంత గట్టిగా పడుతుందో, రింగు కూర్చునే గాడి శుభ్రం చెయ్యడానికి వీలుగా ఉందో లేదో చూసుకోవాలి.

అంతకుముందు ఒక మెత్తటి ప్లాస్టిక్ సంచీ వాడాను. చవకే, కానీ జూమ్ చేస్తే లెన్సు సంచీని తోసుకుంటూ ముందుకొస్తుంది, ఫొటో అంచులన్నీ అలికినట్టు వస్తాయి. అల్యూమినియం హౌసింగ్‌లు నా కెమెరా ధరకి ఎన్నో రెట్లు. ఇది నాకు సెకండ్ హ్యాండ్‌లో ఏడు వేలకి దొరికింది. ఒక్క మాట: ఇవి ఏ మోడల్‌కి ఆ మోడలే. బటన్లు ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ ఉన్నా పనికిరాదు. పైగా ఆ కెమెరా తయారీ ఆగిపోతే హౌసింగూ, విడి రింగులూ మెల్లగా మాయమైపోతాయి. ఇంకా కెమెరా కొననివాళ్ళు ముందు హౌసింగ్ దొరుకుతుందో లేదో చూసుకుని, దానికి సరిపోయే కెమెరా వెతుక్కోవడం మంచిది.

ఇక నన్ను భయపెట్టిన రోజు సంగతి. రెండో ఏడు కార్తీకం. వరదల ఎర్రనీళ్ళు తేరుకుని, ధవళేశ్వరం నుంచి వచ్చే నీళ్ళు కాస్త తేటపడే రోజులు. నాకు ఏడాది మొత్తంలో ఇష్టమైన కాలం అదే. ఆ రోజు మా తోటలో కొబ్బరి దింపు. పెరట్లో ఒకవైపు కాయలు ఒలుస్తున్నారు, నేను అరుగు మీద కూర్చుని కెమెరా లోపల పెట్టి తలుపు వేశాను. తొందరలో గీత చూసుకోలేదు. అప్పటికి అది అలవాటు కూడా కాలేదు.

రేవులో మూడో మెట్టు మీద నిలబడి, చేతులు ముంచి, గుర్రపుడెక్క కిందకి పెట్టాను. నాలుగు ఫొటోలు అయ్యాక స్క్రీన్ కింది మూల ఒక చుక్క మెల్లగా జారడం కనిపించింది. ఆవిరనుకున్నాను. చుక్క వెనకే ఇంకో చుక్క. పక్కన బట్టలు ఉతుక్కుంటున్న పెద్దాయన, "ఏవండీ, అందులోంచి బుడగలొత్తన్నాయండీ" అన్నారు. నిజమే, తలుపు మడత దగ్గర నుంచి సన్నటి బుడగల వరస పైకి పోతోంది. గాలి బయటికి పోతోందంటే నీళ్ళు లోపలికి వస్తున్నట్టే.

ఒక్కసారిగా పైకెత్తాను. ఎంత టెన్షన్ పడ్డా ఒక్క పని మాత్రం సరిగ్గా చేశాను. లోపలి నీళ్ళు ఏ మూల చేరాయో కళ్ళకి కనబడుతోంది కాబట్టి, ఆ మూలే కిందకి ఉండేలా వంచి పట్టుకుని, అలాగే మెట్లెక్కాను. తువ్వాలుతో బయటంతా తుడిచి, అదే వంపులో తలుపు తీసి, ముందు బ్యాటరీ లాగేశాను. లోపల చెంచాడు నీళ్ళు ఉంటాయేమో. కెమెరాకి ఒక పక్క తడి తగిలింది, అంతే. రెండు రోజులు ఆరబెట్టాక పని చేసింది. లోపల ఏముందో కనబడని పెట్టె అయితే ఆ బుడగల దాకా నాకు ఏమీ తెలిసేది కాదు, ఎటు వంచాలో అసలే తెలిసేది కాదు.

రింగుకి అడ్డంగా దొరికింది కొబ్బరి పీచు. ఒకే ఒక్క పోగు, చిటికెనవేలి గోరంత పొడవు. వేళ్ళ మధ్య పెట్టి నలిపితే ఉందో లేదో కూడా తెలియనంత సన్నం.

అప్పటి నుంచి తోటలో, అరుగు మీద తలుపు తెరవను. రింగుని పిన్నుతో కాకుండా ప్లాస్టిక్ కార్డు అంచుతో తీస్తాను, రెండు వేళ్ళ మధ్య ఒక చుట్టు లాగి నలకలు తడిమి చూస్తాను. రింగుకి రాసే గ్రీజు మెరుపు కనబడేంతే చాలు. నీళ్ళని ఆపేది గ్రీజు కాదు, రింగు. గ్రీజు ఎక్కువైతే చెత్తని పట్టుకుంటుంది. మా ఊళ్ళో అందరూ ఇచ్చే సలహా కొబ్బరినూనె రాయమని. దయచేసి రాయకండి. ఏ రబ్బరుకి ఏ గ్రీజు అన్నది కూడా చూసుకోవాలి, సిలికాన్ రింగుకి సిలికాన్ గ్రీజు రాస్తే ఉబ్బిపోవచ్చు. ఇన్నీ చేశాక చీకట్లో టార్చి వేసి ఆ నల్ల గీతని చుట్టూ ఒకసారి చూస్తాను. కొత్త రింగు వేసినప్పుడైతే కెమెరా లేకుండా లోపల టిష్యూ పేపరు పెట్టి, గులకరాళ్ళు బరువుగా వేసి, గాబులో అరగంట ముంచి ఉంచుతాను.

లోపలి ఆవిరితో ఒక ఏడాది విసిగిపోయాను. మన గాలిలో తేమ ఎక్కువ, ఆ గాలినే లోపల మూసేస్తాం. కెమెరా వేడెక్కుతుంది, బయట నీళ్ళు చల్లగా ఉంటాయి, లెన్సు ముందు మంచు పట్టేస్తుంది. ఏసీ గదిలో కాసేపు ఉంచి అక్కడే తలుపు వేసి, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి దూర్చితే చాలావరకు తగ్గింది. ఫ్లాష్ మాత్రం ఆపేస్తాను. మన నీళ్ళలో బురద రేణువులే వెలిగి, ఫొటో అంతా పిండి చల్లినట్టు అవుతుంది. అడుగు దూరం లోపల ఉన్నదాన్నే తియ్యాలి.

తలుపు గురించి అంతగా చెప్పాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. తేటగా ఉండటం వల్ల ఎండ కూడా లోపలికి దిగుతుంది. మధ్యాహ్నం గట్టు మీద ఐదు నిమిషాలు పెడితే లోపల కాలిపోతుంది, ఆవిరి సగం అందువల్లే. నాలుగేళ్ళ ఇసుకకి గొళ్ళెం పక్క మూల గీతలు పడి మసకబారింది. ఆ మూలలో నల్ల గీత ఇప్పుడు నాకు సరిగ్గా కనబడదు, అక్కడ వేలితో తడిమి సరిపెట్టుకుంటున్నాను. అంతర్వేదిలో రెండుసార్లు ఉప్పునీళ్ళలో వాడాక జూమ్ బటన్ కూడా బిగుసుకుంది. వెంటనే మంచినీళ్ళలో నానబెట్టి బటన్లన్నీ నొక్కుతూ ఉండాల్సింది, నేను ఇంటికొచ్చాక కడిగాను.

15 మీటర్ల దాకా హౌసింగ్ లేకుండానే దిగే ఒలింపస్ టీజీ-6 లాంటి కెమెరాలు ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్ళున్నారు. కెమెరా లేనివాళ్ళకి అదే తేలిక కావచ్చు. నా దగ్గర కెమెరా ముందే ఉంది, ఏడు వేలతో పని జరిగింది, నీళ్ళు నడుం దాటవు. ఈ మూడిట్లో ఏది మారినా నా సలహా మారుతుంది.

మొన్న విశాఖలో ఉండే మా మేనల్లుడు, "మావయ్యా, స్కూబాకి వెళ్తున్నా, నీ హౌసింగ్ ఇస్తావా, కెమెరాతో సహా" అని ఫోన్ చేశాడు. వాడికి ఏదీ కాదనను. కానీ ఆ మసక మూల గుర్తొచ్చి, ఇవ్వలేనని చెప్పేశాను. విడి రింగులు మాత్రం రెండు తెప్పించి పెట్టుకున్నాను, కార్తీకానికి.