మినీ కుట్టు మిషన్‌తో బ్లౌజులు కుట్టుకుందామని ఆర్డర్ పెడుతున్నారా? కాస్త ఆగి ఇది చదవండి

లైనింగ్ బ్లౌజు కుట్టుకూలి చూసి, రెండు మూడు జాకెట్ల డబ్బుతో మిషనే వచ్చేస్తుంది కదా అని ఆన్‌లైన్‌లో మినీ మిషన్లు తెప్పించుకునేవాళ్ళు చాలామంది. తెప్పించుకున్నాక వినిపించే గోడు కూడా ఒకటే. నాలుగు రోజులు బాగానే కుట్టింది, తర్వాత దారం తెంపడం మొదలెట్టింది, వెనక్కి పంపుదామంటే "వాడిన వస్తువు తీసుకోం" అన్నారు. మిషన్ పాడైందని అందరూ అనుకుంటారు గానీ, చాలాసార్లు దాని శక్తే అంత. అమ్మేవాళ్ళు నోరు విప్పని సంగతి అదే.

ఈ పేరుతో రెండు రకాలు అమ్ముతున్నారు. స్టేప్లర్‌లా చేత్తో పట్టుకుని నొక్కేది ఒకటి, మూడు నాలుగొందల నుంచే దొరుకుతుంది. బల్ల మీద పెట్టుకునే ప్లాస్టిక్ మిషన్ ఇంకోటి, వెయ్యి దాటి రెండు వేల దాకా ఉంటుంది.

చేతి మిషన్ బ్లౌజుకి పనికిరాదు, అంతే. అందులో బాబిన్ (కింది దారం చుట్టి పెట్టే చిన్న చక్రం) లేదు, కింది దారం లేదు. ఒకటే దారం అడుగున లూపులుగా పడుతూ ఒక లూపు ముందుదాన్ని పట్టుకుంటుంది. ఆఖరి లూపుని పట్టుకునే దిక్కు ఉండదు. బియ్యం బస్తా మూతికి వేసేది ఈ కుట్టే. సరైన కొస దొరికితే ఒక్క లాగుకి మూతంతా ఎలా ఊడొస్తుందో చూసే ఉంటారు. బ్లౌజు సైడు కుట్టు నలుగురిలో అలా వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు. ఇప్పటికే కొనేసి ఉంటే, కుట్టు చివర 3 అంగుళాల దారం వదిలి కత్తిరించి, ఆ కొసని అడుగున ఉన్న ఆఖరి లూపులోంచి దూర్చి ముడి వేయండి. ఫిట్టింగ్ చూసుకోవడానికి వేసే కచ్చా కుట్టుకి మాత్రం ఇది హాయిగా పనికొస్తుంది. చీర ఫాల్‌కి దీన్ని అసలు వాడకండి, చేత్తో హెమ్మింగ్ చేసిందే నిలుస్తుంది.

బల్ల మీద పెట్టే మిషన్‌కి బాబిన్ ఉంటుంది, పై దారం కింది దారం ముడిపడతాయి, కాబట్టి కుట్టు అసలైన కుట్టే. చిక్కంతా బలం దగ్గర. లైనింగ్ బ్లౌజులో భుజం జాయింటు దగ్గర సూది కింద 4 పొరలుంటాయి. చంక కింద చేతి కుట్టు, సైడు కుట్టు కలిసే చోటు చూడండి. ఒక వైపు చెయ్యి బట్ట, దాని లైనింగ్, ఆ రెండింటి మార్జిను (కుట్టు పక్కన వదిలే బట్ట), మీదుగా మడిచిన బాడీ బట్టా లైనింగుల మార్జిను కలిపి 6 పొరలు. రెండో వైపు ఇంకో 6. మొత్తం 12. అది జరీ అంచు చెయ్యి అయితే మరీ గట్టిగా ఉంటుంది. ఇనప మిషన్ అక్కడ "టక్" మని దాటేస్తుంది. చిన్న మోటారు మాత్రం అక్కడ మూలిగి ఆగిపోతుంది. లేదా సూది కాస్త వంగుతుంది. సూది వంగితే కింది కొక్కెం దారాన్ని అందుకోలేదు, కుట్లు వదిలేస్తుంది. మోటారు మూలుగుతుంటే పెడల్ మీంచి కాలు వెంటనే తీసేయాలి. తిరగని మోటారుకి కరెంటు పోతూనే ఉంటే అది కాలిపోతుంది. అలాంటి చోట పక్కనున్న చక్రాన్ని చేత్తో మీ వైపుకే తిప్పుతూ ఒక్కో కుట్టూ వేసుకోవాలి.

కరెంటు విషయంలోనూ మోసపోతారు. వీటిలో ఎక్కువ భాగం 6 వోల్టులవి, అంటే 1.5 వోల్టుల సెల్సు 4. ఖర్చు తగ్గుతుందని రీఛార్జబుల్ సెల్సు వేస్తే ఒక్కోటి 1.2, మొత్తం 4.8 వోల్టులే, మిషన్ నీరసంగా నడుస్తుంది. అడాప్టర్ డబ్బాలో వస్తుందో రాదో ముందే అడగండి. రాకపోతే ఇంట్లో ఉన్న వైఫై డబ్బా అడాప్టర్ పిన్ను సరిపోయింది కదా అని గుచ్చకండి. అవి చాలామటుకు 12 వోల్టులవి.

ప్రకటన వీడియోలో జీన్స్ కుడుతూ చూపిస్తారు. ఎన్ని పొరలు పెట్టారో, బట్ట తిప్పి అడుగు వైపు చూపించారో లేదో గమనించండి. మడత జాయింటు మీదికి సూది వచ్చేసరికి వీడియో కట్ అవుతుంది, అసలు చూడాల్సింది అక్కడే! "12 రకాల కుట్లు" అన్న మోడల్ అయితే కుట్టు పొడవు మార్చుకునే వీలుందా అని అడగండి. చీర అంచుకి వేసే పీకోకి జిగ్‌జాగ్ ఒక్కటే చాలదు, కుట్లు బాగా దగ్గరగా పడాలి. బ్లౌజుకి అంగుళానికి 10, 12 కుట్లు కావాలి. రివర్స్ (వెనక్కి కుట్టే వీలు) లేకపోతే ప్రతి కుట్టు చివరా దారాలు చేత్తో ముడేసుకోవాలి.

అన్నీ తెలిసే కొన్నారనుకుందాం. పార్సిల్ సీలు తీసేటప్పటి నుంచి వీడియో తీయండి, టెస్టు అదే రోజు చేయండి. పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం, 14 నంబరు సూది, కాటన్ బట్ట రెండు పొరలు. మిషన్‌తో పాటు వచ్చే దారం నూగుగా ఉండి ఊరికే తెగుతుంది, మంచి రీలు వాడండి. రెండు దారాల కొసలూ 4 అంగుళాలు వెనక్కి పట్టుకుని మొదలుపెట్టాలి, వదిలేస్తే అడుగున ఉండచుట్టుకుంటుంది. ఒక జానెడు కుట్టి తిప్పి చూడండి. అడుగున ఎర్ర లూపులు కనబడితే అప్పుడే మిషన్‌ని తిట్టకండి, బట్టని నొక్కిపట్టే ఫుట్ పైకెత్తి దారం మళ్ళీ ఎక్కించండి. ఫుట్ దించి ఎక్కిస్తే దారం దాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళల మధ్యకి దిగదు. తర్వాత 4 పొరలు, 8 పొరలు వేసి చూడండి. కొత్త సూది సరిగ్గా పెట్టినా రెండు పొరల మీదే కుట్లు వదిలేస్తుంటే సూదికీ కొక్కేనికీ లెక్క తప్పినట్టు. విప్పి బాగుచేయబోకుండా అదే రోజు రిటర్న్ పెట్టండి.

నిజంగా బ్లౌజులే కుట్టాలంటే ఆ డబ్బుకి కాస్త కలిపి పాత నల్ల మిషన్ వెతకండి. చక్రం తిప్పితే ఎక్కడా పట్టేయకూడదు, రివర్స్ పడాలి, షటిల్ (బాబిన్ దగ్గర తిరిగే కొక్కెం భాగం) దొరికే కంపెనీది అయ్యుండాలి. మినీ మిషన్ దిండు గలీబులకీ, పల్చటి కాటన్ అంచులకీ చాలు.

రిటర్న్ ఒప్పుకోకపోతే 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సైటు గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బిల్లు, వీడియో, కుట్లు వదిలేసిన ఆ గుడ్డ ముక్క దగ్గర పెట్టుకోండి. రిటర్న్ గడువు దాటేదాకా డబ్బా, లోపలి థర్మోకోల్ పారేయకండి.