ఎయిర్ రైఫిల్‌కి ఏది మేలు? పాత కొలత స్ప్రింగా, హెవీ స్ప్రింగా, గ్యాస్ రామా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి ఈమధ్య ఒకటే ప్రశ్న. "మాస్టారూ, మావాడి రైఫిల్ స్ప్రింగ్ పోయింది. మళ్లీ అదే వేయించమంటారా, హెవీది వేయించమంటారా, ఏకంగా గ్యాస్ రామ్‌కి మారిపోమంటారా?" ఈ స్ప్రింగే పిస్టన్‌ని తోసి గాలి ఒత్తిడితో పెల్లెట్‌ని, అంటే చిన్న సీసపు గుండుని పంపేది. హెవీ అంటే లావు వైరు స్ప్రింగ్, గ్యాస్ రామ్ అంటే స్ప్రింగ్ బదులు వేసే గ్యాస్ నింపిన రాడ్. అడిగేవాళ్లు ఎక్కువగా హైస్కూలు, ఇంటర్ పిల్లల తండ్రులు. పిల్లలు పది మీటర్ల ఓపెన్ సైట్‌లో, అంటే స్కోప్ లేకుండా రైఫిల్ మీది మామూలు గురితో, సాధన చేస్తున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పిట్టల మీదికి వెళ్లాలనుకునేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. 1972 వన్యప్రాణి చట్టం ఇటు ఒడిశాలోనూ అటు ఆంధ్రాలోని పాతపట్నంలోనూ ఒకటే.

అందరూ ముందు అడిగేది పవర్ గురించి. పది మీటర్ల దూరంలో కాగితానికి చిల్లు పెట్టడానికి ఎంత పవర్ కావాలి? అర గ్రాము పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్తే ఏడు జౌళ్లకు పైనే శక్తి వస్తుంది. అది చాలు. అంతర్జాతీయ ఎయిర్ రైఫిల్ పోటీ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. దాన్ని కొట్టేది నిలకడ, వేగం వల్ల ఒరిగేదేమీ లేదు.

నా లెక్కలో అసలు తేల్చేది కాకింగ్ బరువు, అంటే ప్రతి షాట్‌కీ ముందు స్ప్రింగ్‌ని నొక్కి కొక్కేనికి తగిలించడానికి (కాక్ చేయడానికి) పట్టే బలం. అంతర్జాతీయ పది మీటర్ల పోటీలో 60 షాట్లు. బారెల్ వంచే రైఫిల్ అయితే 60 సార్లూ స్ప్రింగ్‌ని నొక్కాల్సిందే, ముందు గురి సరిచూసుకోవడానికి వేసుకునే సైటర్లు అదనం. కుడిచేతి వాటం పిల్లవాడిని ఒకసారి గమనించండి. బారెల్ లాగేది ఎడమ చెయ్యి. ఆ వెంటనే రైఫిల్‌ని మోసేదీ ఎడమ చెయ్యే. నలభయ్యో షాట్ దాటాక కాగితం మీద చిల్లుల గుంపు చెదిరిపోతే మనం సైట్‌ని అనుమానిస్తాం, పెల్లెట్లని అనుమానిస్తాం. వణికేది చెయ్యి.

ఈ లెక్కన చూస్తే హెవీ స్ప్రింగ్ ముందే ఓడిపోతుంది. వైరు 3.0 మిల్లీమీటర్ల నుంచి 3.2కి పెరిగితే "ఆ కాస్తకేముంది" అనిపిస్తుంది. కానీ స్ప్రింగ్ బిగువు వైరు మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. చుట్లూ, చుట్టు వెడల్పూ అవే ఉంటే బిగువు దాదాపు 30 శాతం ఎక్కువ. ఇంకో చిక్కు కూడా ఉంది. 33 చుట్ల స్ప్రింగ్ పూర్తిగా అణిగితే పొడవు 3.0 వైరుకి 99 మిల్లీమీటర్లు, 3.2 వైరుకి 105.6. సిలిండర్‌లో ఆ ఆరున్నర మిల్లీమీటర్ల చోటు లేకపోతే చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోతాయి, పిస్టన్ వెనక్కి పూర్తిగా రాదు, ట్రిగ్గర్ కొక్కెం పట్టుకోదు. అప్పుడు బలంకొద్దీ లాగితే కాకింగ్ లివర్ వంగుతుంది. ఇంత కష్టపడినా గాలి పోవాల్సింది అదే సన్నటి రంధ్రంలోంచి కాబట్టి వేగం ఆ నిష్పత్తిలో పెరగదు. పెరిగేది కుదుపు. స్టాక్ స్క్రూలు వదులవుతాయి, స్కోప్ ఉంటే దానికీ దెబ్బే. లైసెన్సు లేకుండా ఉంచుకునే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆయుధ నియమాలు 20 జౌళ్ల హద్దు పెట్టాయి. పిల్లల సాధనకు ఆ హద్దు వైపు నడవాల్సిన పనే లేదు.

గ్యాస్ రామ్ సంగతి వేరు, దాన్ని తీసిపారేయలేం. కారు డిక్కీ తలుపుని ఎత్తి పట్టుకునే రాడ్ లాంటిదే ఇది. పేల్చినప్పుడు స్ప్రింగ్ మెలితిరగడం, ఆ "ఝంగ్" అనే మోత ఉండవు. కాక్ చేసి కాసేపు ఉంచినా అణిగిపోదు. శీతాకాలపు కొరాపుట్‌లో పది డిగ్రీలు, మే నెల రాయగడలో నలభై అనుకుంటే లోపలి పీడనం పది శాతం దాకా మారుతుంది. పది మీటర్లలో అది పెద్దగా తెలియదు కాబట్టి దాన్ని నేను తప్పుగా పట్టుకోను. నా అభ్యంతరం మళ్లీ చేతి దగ్గరే. స్ప్రింగ్ బరువు లాగేకొద్దీ పెరుగుతుంది. రామ్ మొదటి అంగుళం నుంచే దాదాపు పూర్తి బరువు చూపిస్తుంది. సన్నటి చేతుల పిల్లలకు అది కష్టం. పైగా సీల్ పోయి గ్యాస్ కారితే ఇంట్లో బాగుచేసుకోలేం, మొత్తం రామ్ మార్చాల్సిందే, ఖర్చు స్ప్రింగ్‌కి కొన్ని రెట్లు. డయానా 35 తరహా పాత రైఫిల్ అయితే సరిపోయే రామ్ దొరుకుతుందో లేదో ముందు కనుక్కోండి. ఆదివారం ఓ ఇరవై షాట్లు కొట్టే పెద్దవాళ్లకైతే రామ్ బాగుంటుంది, వేయించుకోండి.

లేత్ షాపులో చుట్టించుకునే స్ప్రింగ్ చవకే, కానీ సరిగా వేడిమి పట్టించకపోతే త్వరగా పొట్టిదైపోతుంది. అణిగిపోయిన పాత స్ప్రింగ్ వెనక వాషర్ వేసి నెట్టుకురావడం కొత్తది వచ్చేదాకా గడుపుకోవడానికే.

కాబట్టి పిల్లలకు నా ఓటు పాత కొలత స్ప్రింగ్‌కే. బరంపురం ఠాకురాణి జాతరలో ఎయిర్ రైఫిల్‌తో బుడగలు కొట్టించే స్టాల్ వాళ్లని చూడండి. రాత్రంతా కాక్ చేస్తూనే ఉండే మనిషి మెత్తటి స్ప్రింగే కోరుకుంటాడు. వెర్నియర్‌తో వైరు మందం కొలవండి, చుట్లు లెక్కపెట్టండి, బయటి వెడల్పు చూసుకోండి. పొడవు మాత్రం పాతదానితో పోల్చొద్దు, అది ఎలాగూ అణిగిపోయి ఉంటుంది. గైడ్ (స్ప్రింగ్ లోపల ఉండే కడ్డీ) మీద స్ప్రింగ్ కాస్త బిగువుగా ఎక్కాలి. లొడలొడలాడితే మోతా, వణుకూ రెండూ వస్తాయి. చివరి చుట్లు చదునుగా అరగదీసి ఉండాలి. గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తుప్పు మచ్చలున్న స్ప్రింగ్‌ని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు, పగులు మొదలయ్యేది ఆ గుంటల్లోంచే. చుట్లకు మాలీ (మాలిబ్డినం కలిసిన) గ్రీజు పలచగా రాస్తే చాలు. మామూలు నూనె సిలిండర్‌లోకి దిగితే ఒత్తిడికి భగ్గుమని పొగ వస్తుంది, పిస్టన్ మీది లెదర్ వాషర్ మాడిపోతుంది.

విప్పేటప్పుడు మాత్రం స్ప్రింగ్‌ని నొక్కి పట్టే క్లాంప్ తప్పనిసరి. లోపల స్ప్రింగ్ కాక్ చేయకపోయినా నొక్కుడు మీదే ఉంటుంది. పిన్ను తీయగానే వెనక మూత ఎగిరి మొహానికి తగలొచ్చు. క్లాంప్ లేకపోతే, ఉన్న మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లండి.