కయోటీ భయానికి రోలరా, లీషా?

టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో, ప్లానో వైపు కొత్తగా కుక్కపిల్లని తెచ్చుకున్నవాళ్లు ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు: "కయోటీలు రాకుండా ఫెన్స్ మీద రోలర్లు పెట్టించమంటారా?" కయోటీ అంటే ఇక్కడ తిరిగే నక్కలాంటి అడవి జంతువు, రోలరంటే ఫెన్స్ పైఅంచున బిగించే తిరిగే గొట్టం. పోయిన నెల నేనూ ఇదే ఆలోచనలో ఉన్నాను. మాది ఆరు కిలోల షిట్జూ. చివరికి పెట్టించలేదు.

అలాగని రోలర్‌ని తీసిపారేయలేం. ఆరడుగుల ఫెన్స్‌ని కయోటీ చాలావరకు ఎగిరి దాటదు. ముందుకాళ్లు పైఅంచుకి తగిలించి ఒంటిని పైకి లాక్కుంటుంది. ఆ అంచున గొట్టం గిర్రున తిరిగితే పట్టు దొరక్క జారిపోతుంది. కాకపోతే చుట్టూ ఎక్కడా ఖాళీ ఉండకూడదు, గేటు మీద కూడా. పైగా కయోటీ తవ్వగలదు కాబట్టి అడుగున ఇనప వల పూడ్చాలి. మా గేటు కిందైతే జానెడు సందు. ఇక హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి సరేసరి.

నా లెక్కలో తేల్చేది ఫెన్స్ ఎత్తు కాదు, కుక్క పక్కన మనిషి ఉన్నాడా లేడా అన్నది. పెరట్లో ఒంటరిగా తిరిగే చిన్న కుక్క కయోటీ కంటికి కుందేలుతో సమానం. పక్కన మనం ఉంటే మామూలుగా దగ్గరికి రాదు. అందుకే తెల్లవారుజామున, రాత్రి పూట, మా పెరట్లోకే అయినా ఆరడుగుల లీష్ (కుక్కని పట్టుకునే తాడు) పట్టుకుని నేనే వెళ్తున్నాను. సాగే లీష్ మాత్రం వద్దు. కుక్క పదిహేనడుగుల అవతల ఉంటే పిడి చేతిలో ఉండి లాభమేంటి? కయోటీ ఎదురైతే కుక్కని చంకనెత్తుకుని, రెండో చెయ్యి పైకెత్తి గట్టిగా అరవాలి. వెనక్కి తిరిగి పరుగెత్తకూడదు. నేను మొదటిసారి అరిచినప్పుడు కయోటీ కన్నా ముందు పక్కింటాయన బయటికొచ్చాడు.

లీష్‌కీ లోటు ఉంది. మనిషంటే బెరుకు పోయిన కయోటీ దగ్గర అది చాలదు. 2018 చివర్లో ఫ్రిస్కోలో కయోటీలు మనుషుల మీదే దాడి చేశాయి. బెరుకు పోయేది ఎక్కువగా తిండి దొరకడం వల్లే. పిట్టలకని మనం చల్లే బియ్యానికి ఎలుకలొస్తాయి, ఎలుకల కోసం ఇవొస్తాయి. రాలిన అంజూరపళ్లూ వదలవు. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మని బియ్యం చల్లొద్దని ఒప్పించడానికి వారం పట్టింది.

వసంతంలో కయోటీలు పిల్లలు పెట్టాక గూడు దగ్గరికొస్తే పెద్ద కుక్కల్నీ తరుముతాయి. ఆ కొన్ని నెలలు వాకింగ్ దారి మార్చుకోవడమే.

కుక్కకి తొడిగే ముళ్ల జాకెట్ మెడకి కొంత రక్షణే, కానీ టెక్సాస్ ఎండలో కుక్క ఉడికిపోతుంది. కయోటీని బోను పెట్టి పట్టించినా ఖాళీ అయిన చోటికి ఇంకోటి వస్తుంది.

ఇంట్లో డాగ్‌డోర్ (కుక్క తనంతట తానే వచ్చిపోయే చిన్న తలుపు) ఉండి, మీరు ఆఫీసుకెళ్లాక కుక్క పెరట్లోకి తిరిగేదైతే రోలరూ, కింద వలా రెండూ పెట్టించుకోండి. మాకు డాగ్‌డోర్ లేదు.