బ్రయర్ పైపా, మీర్‌షామ్ పైపా?

చిత్తూరులో పొగాకు పైపుల సేకరణ మొదలుపెట్టేవారు ముందుగా తేల్చుకోవలసింది బ్రయర్ కొనాలా, మీర్‌షామ్ కొనాలా అన్నదే. మధ్యధరా తీరాన పెరిగే ఎరికా ఆర్బోరియా పొద వేరుబుడిపెను ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెట్టి చెక్కేది బ్రయర్. టర్కీలోని ఎస్కిషెహిర్ ప్రాంతంలో తవ్వితీసే సెపియోలైట్ అనే తెల్లని ఖనిజంతో చేసేది మీర్‌షామ్.

బ్రయర్ గిన్నె లోపల పేరుకునే మసిపొర కట్టెను కాలిపోకుండా కాపాడుతుంది కనుక పలుచగా ఉంచి, మిగతాది గీకివేయాలి. ఒకసారి వాడాక తేమ ఆరేదాకా పక్కన పెట్టాలి. మీర్‌షామ్‌లో ఆ పొర పేరుకోనివ్వకుండా తుడిచివేయాలి. దాని అసలు అందమంతా రంగులోనే ఉంది: సన్నని రంధ్రాలలోకి పొగలోని నూనెలు ఇంకేకొద్దీ, తేనెమైనం పట్టించిన ఆ తెల్లని గిన్నె ఏళ్ల మీద తేనె రంగుకు, ఆపై ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. అయితే బండల గచ్చు మీద జారిపడితే పగిలిపోతుంది.

ఏ పైపులో కాల్చినా నోటి క్యాన్సర్ ముప్పు ఉన్నదే. కాల్చకుండా దాచుకునేవారికి, చెక్కపొరల గీతలు మొదటి రోజు నుంచే కనిపించే బ్రయరే మేలని నా అభిప్రాయం. ఏది కొన్నా, తిరుమల కొండపై పొగాకు నిషిద్ధం కనుక, దర్శనానికి బయలుదేరేటప్పుడు సంచిలోని పొగాకును ఇంట్లోనే తీసిపెట్టాలి.