వైరు ‘సెట్ అవ్వాలి’ అన్నారు: మూడేళ్లు వాడాక నా మాట

ఈ స్పీకర్ కేబుల్ అమ్మేటప్పుడు షాపులో చెప్పిన మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. “ఇప్పుడే తేడా తెలీదు సార్, రెండొందల గంటలు పాట నడవనివ్వండి, వైరు సెట్ అవుతుంది” అన్నారు. రోజుకి రెండు గంటలు వినేవాడికి అది మూడు నెలల పైమాటే. సరుకు వెనక్కి తీసుకునే గడువేమో పది రోజులు. నచ్చలేదంటే ఇంకా సెట్ కాలేదంటారు, సెట్ అయ్యేసరికి గడువు దాటిపోతుంది. పాతిక వేలు పెట్టిన మనిషికి చెప్పాల్సిన మాటేనా ఇది?

స్పీకర్ విషయంలో అయితే ఒప్పుకుంటాను. ముందుకీ వెనక్కీ కదిలే కోన్ చుట్టూ ఉండే రబ్బరు అంచు, వెనక దాన్ని పట్టి ఉంచే ముడతల గుడ్డ (స్పైడర్) కొత్తలో బిగుసుకుని ఉంటాయి, వాడుతుంటే కాస్త వదులవుతాయి. దాన్ని కొలిచి చూపించవచ్చు. రాగి తీగలో కదిలే భాగమే లేదు, ఇక వదులయ్యేది ఏముంది? 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకి రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, మీటరుకి దాదాపు 0.007 ఓమ్‌లు. మూడు మీటర్ల కేబుల్‌కి రానూ పోనూ కలిపి 0.04. అవతల స్పీకర్ 8 ఓమ్‌లు. గది పది డిగ్రీలు వేడెక్కితే రాగి రెసిస్టెన్స్ 4 శాతం దాకా పెరుగుతుంది. మన మే నెలలో ఏసీ ఆపితే ఆ మార్పు వచ్చేస్తుంది, దాంతో పాట మారిపోయిందని ఎవరూ అనరు.

లెక్కలతో సరిపెట్టలేదు. వెనక గది కోసం తీసుకున్న రెండో జత పెట్టె విప్పకుండా ఉండిపోయింది. ఏడాది నలిగిన కేబుల్ ఎడమ స్పీకర్‌కి, కొత్తది కుడి స్పీకర్‌కి పెట్టాం. పాత ఘంటసాల పాటలు మోనో కాబట్టి రెండింట్లోనూ వచ్చేది ఒకటే. మా బావమరిది వెనక నిలబడి కేబుళ్లు అటూ ఇటూ మార్చాడు, ఒక్కోసారి మార్చకుండానే మార్చినట్టు చప్పుడు చేశాడు. ఏది పాతదో నాకూ చిక్కలేదు, తర్వాత నా చోట కూర్చున్న బావమరిదికీ చిక్కలేదు. వారాల తరబడి విన్నాక బాగుందనిపించిందని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని అనను. రోజూ అదే పాట వింటుంటే చెవికి అలవాటు పడుతుంది, నిన్న పట్టించుకోని తబలా దెబ్బ ఇవాళ వినిపిస్తుంది.

అసలు మార్పు రెండో వానాకాలం తర్వాత వచ్చింది. మా ఇల్లు విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, కిటికీలు సముద్రం వైపు. కుడి స్పీకర్‌లో గొంతు వెనక్కి పోయినట్టయింది, వాల్యూమ్ తిప్పకపోయినా మధ్యమధ్యలో బరబరమని చప్పుడు. యాంప్లిఫయర్ పోయిందేమోనని టెన్షన్ పడి, ముందుగా స్పీకర్ వెనక వైరు బిగించే స్క్రూ విప్పాను. బిగించిన చోట రాగి పోగులు నల్లబడ్డాయి, తొడుగు మొదలయ్యే దగ్గర పచ్చగా చిలుము. వేలితో రాస్తే పొడి రాలింది. చెడ్డ చివర కత్తిరించి, లోపలి ఎర్రటి రాగి దాకా తొడుగు ఒలిచి, స్క్రూలని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి గట్టిగా బిగించాను. గొంతు మళ్లీ ముందుకొచ్చింది. కేబుల్ కొన్న దగ్గర్నుంచి నా చెవికి నిస్సందేహంగా తెలిసిన తేడా ఇదొక్కటే, దానికైన ఖర్చు ఒక చిన్న సీసా.

కొత్తలో దీని పారదర్శకమైన తొడుగుని తెగ మెచ్చుకున్నాను, లోపల రాగి మెరుస్తూ కనబడేది. ఇప్పుడా తొడుగులోంచే చిలుము లోపలికి పాకడం కనబడుతోంది, పట్టుకుంటే జిగురుగా కూడా ఉంది. కేబుల్ చెడ్డదనను. మెత్తగా వంగుతుంది, గోడ మూలల్లో చక్కగా కూర్చుంటుంది. విజయనగరంలోనో, సముద్రానికి దూరంగా ఇంకెక్కడో అయితే ఇన్నాళ్లకే ఇలా అయ్యేది కాదేమో. నాది మామూలు ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్, కేబుల్ పొడవు కూడా తక్కువే. హాలు ఆ చివర నుంచి ఈ చివరకి వైరు లాగేవాళ్లు నా మాట మీద కాకుండా మందం లెక్క చూసి కొనుక్కోవాలి.

బీచ్ దగ్గర ఉండేవాళ్లు మాత్రం ఏడాదికోసారి వానలు వెలిశాక స్క్రూలు విప్పి చూసుకోండి. ఈసారి నేను పడవల్లో వాడే తగరం పూత రాగి వైరు తీసుకుంటున్నాను. అది కూడా వెనక్కి ఇచ్చే గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకున్నాకే.